అమిగ్డాలా అంటే భయమే అయితే, లైటర్ చప్పుడుకి నా చెయ్యి జేబు మీదికి ఎందుకు పోతోంది?

పద్నాలుగో_నెల (ప్రశ్న):

అందరికీ నమస్కారం. సిగరెట్ మానేసి 14 నెలలైంది. అంతకుముందు 11 ఏళ్లు కాల్చాను. ఇప్పుడు పొగ వాసన తగిలితే నిజంగానే కడుపులో తిప్పుతుంది. రెండు నెలల కింద ఒక రాత్రి మనసు ఆగక ఒక్క దమ్ము లాగి చూశాను. నోరంతా చేదు, వెంటనే తలనొప్పి. మిగతాది నలిపి పారేశాను. అంటే సిగరెట్ మీద ఇష్టం పోయిందనే కదా అర్థం?

కానీ మా ఆఫీసు మెట్ల మలుపు దగ్గర ఎప్పుడూ ఎవరో ఒకరు నిలబడి కాలుస్తూ ఉంటారు. లోహపు లైటర్ మూత తెరిచినప్పుడు 'టిక్' మని ఒక చప్పుడు వస్తుంది చూడండి, అది చెవిన పడితే చాలు, నా కుడి చెయ్యి చొక్కా జేబు మీదికి పోతుంది. జేబులో ఏమీ ఉండదు. పెట్టె పెట్టుకోవడం మానేసి ఏడాది దాటింది. చెయ్యి అక్కడికి చేరాకే నాకు తెలుస్తుంది. ఆ తర్వాత ఛాతీలో ఒక గుంజుడు మొదలై, రెండు మూడు నిమిషాలుండి పోతుంది.

నేను కలిసే కౌన్సెలర్ దీన్ని "మీ అమిగ్డాలా నేర్చుకున్న పాఠం" అన్నారు. అది మెదడులో ఒక భాగమట. ఇంటికొచ్చి చదివితే ఎక్కడ చూసినా ఒకటే మాట: అమిగ్డాలా అంటే భయం. పాము కనిపిస్తే గుండె దడ, అరచేతుల్లో చెమట, పారిపోవడం. నాకు ఆ చప్పుడు వింటే భయం లేదు. ఆశ పుడుతుంది. భయానికి పనిచేసే భాగానికి, ఈ ఆశకి సంబంధం ఏమిటి? ఇష్టమే పోయిన వస్తువు కోసం గుర్తు మాత్రం ఇంకా ఎందుకు లాగుతోంది? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. ఎంత పొడుగైనా చదువుతాను.

డోపమైన్_పాఠకుడు:

ముందుగా అభినందనలు, 14 నెలలంటే చిన్న విషయం కాదు.

నాకు తెలిసినంతలో ఇది పూర్తిగా డోపమైన్ (మెదడు కణాల మధ్య కబుర్లు మోసే ఒక రసాయనం) వ్యవహారం. 1954లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ ఎలుకల మెదడు లోపల ఎలక్ట్రోడ్ పెట్టి, మీట నొక్కితే సన్నటి కరెంటు అందేలా ఏర్పాటు చేశారు. ఎలుకలు ఆ మీటను వదలకుండా నొక్కుతూనే ఉన్నాయి. తర్వాత వోల్‌ఫ్రామ్ షుల్ట్స్ కోతుల్లో చూపించింది ఏమిటంటే, శిక్షణ అయ్యాక డోపమైన్ కణాలు జోరందుకునేది పళ్లరసం నోట్లో పడినప్పుడు కాదు, రసం రాబోతోందని చెప్పే గుర్తు కనిపించినప్పుడు. మీ లైటర్ చప్పుడు ఆ గుర్తులాంటిదే. ఇందులో అమిగ్డాలాకి పనేమీ కనబడదు. అది భయానికి, ఇది రివార్డ్‌కి. మీ కౌన్సెలర్ పొరబడ్డారేమో.

ఎలుకల_గది:

డోపమైన్ గురించి పైన రాసింది సరైనదే. కానీ "అమిగ్డాలా భయానికి, డోపమైన్ రివార్డ్‌కి" అనే పంపకం మాత్రం నిలవదు. ప్రశ్న అడిగినవారి కౌన్సెలర్ పొరబడలేదు. ఈ సంగతి మీద నేను ఎనిమిదేళ్లు ఎలుకలతో పనిచేశాను కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను.

అమిగ్డాలా ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి ఉంటుంది. కణతల వెనక, మెదడు లోపలి వైపు. ఒక్కొక్కటి సుమారు ఒకటిన్నర ఘన సెంటీమీటర్ల ముద్ద, అందులో కోటికి పైగా నాడీకణాలు. గ్రీకులో ఆ మాటకి బాదం అని అర్థం. ఇది ఒకే ముద్ద అనుకోవడం దగ్గరే చాలామంది పొరబడతారు. లోపల పదికి పైగా వేరు వేరు కణ సమూహాలున్నాయి, వాటి పనులూ వేరు. ఇక్కడ మనకి రెండే పేర్లు కావాలి: బేసోలాటరల్ భాగం, సెంట్రల్ భాగం.

భయం ముద్ర ఎలా పడిందో చెప్పాలి. ఒక శబ్దం వినిపించి, వెంటనే ఎలుక కాళ్లకి చిన్న షాక్ ఇస్తే, రెండు మూడు సార్లకే అది ఆ శబ్దానికి బిగుసుకుపోతుంది. బిగుసుకుపోవడాన్ని కొలవడం చాలా సులువు, ఒక్క రోజులో ప్రయోగం ముగుస్తుంది. 1980ల నుంచి జోసెఫ్ లెడూ, మరికొందరు ఈ దారిలో శబ్దం చెవి నుంచి అమిగ్డాలాకి ఎలా చేరుతుందో అంచెలంచెలుగా పట్టుకున్నారు. అద్భుతమైన పని అది. దాంతో బయటి ప్రపంచానికి ఆ ఒక్క ముఖమే తెలిసింది. 'భయం కేంద్రం' అనే మాట సరి కాదని తర్వాత లెడూ గారే చాలాసార్లు రాశారు.

అంతకు చాలా ముందే రెండో ముఖం కనబడింది. 1937లో షికాగోలో హైన్‌రిక్ క్లూవర్, పాల్ బ్యూసీ కోతుల మెదడులో రెండు పక్కలా కణత భాగాన్ని తీసేశారు, అందులో అమిగ్డాలా కూడా పోయింది. ఆ కోతులు పాముని చూసి బెదరలేదు. అందరికీ గుర్తున్నది ఈ ముక్కే. కానీ అవి తినేదీ తిననిదీ తేడా లేకుండా ప్రతి వస్తువునీ నోట్లో పెట్టుకుని చూశాయి. ఇప్పుడే చూసి పారేసిన దాన్ని మళ్లీ తీసి మళ్లీ నోట్లో పెట్టుకున్నాయి. కళ్లు బాగానే కనబడుతున్నాయి, కానీ చూసిన వస్తువు తనకి మంచిదా, చెడ్డదా, దేనికీ పనికిరానిదా అనేది తెలియడం లేదు. 1956లో లారెన్స్ వైస్‌క్రాంట్స్ అమిగ్డాలా ప్రాంతాన్నే తొలగించి చూసి, దెబ్బతినేది ఒక్క భయం కాదు, ఒక వస్తువుకి మంచి గానీ చెడు గానీ ఫలితం ఉందని పోల్చుకోవడమే కష్టమవుతోందని వాదించారు. నా ఎనిమిదేళ్ల పని మొత్తం ఆ ఒక్క ఆలోచన నీడలో జరిగిందే.

ఇక నేను కళ్లారా చూసింది. మా పెట్టెలో ఒక గోడకి తిండి గిన్నె, కొంచెం పక్కగా చిన్న బల్బు. బల్బు పది సెకన్లు వెలుగుతుంది, ఆరగానే గిన్నెలో చక్కెర గుళిక 'టక్' మని పడుతుంది. ఎలుక ఏమీ చేయనక్కర్లేదు. నాలుగైదు రోజులు గడిచేసరికి బల్బు వెలగడం ఆలస్యం, గిన్నె దగ్గరికి పరుగు. కొన్ని ఎలుకలు మాత్రం గిన్నె దగ్గరికి వెళ్లవు. బల్బు దగ్గరికే వెళ్లి దాన్ని నాకుతాయి, పళ్లతో పట్టుకోబోతాయి. తోక మీద రెండు నల్ల గీతలతో నేను గుర్తుపెట్టుకున్న ఎలుక ఒకటి ఉండేది. అది ముందు కాళ్లు గోడకి ఆనించి లేచి, బల్బుని రెండు చేతులతో పట్టుకుని నాకేది. బల్బుకి రుచి లేదు. ఎన్ని సార్లు నాకినా గుళిక ఒక్కటే వస్తుంది, నాకకపోయినా వస్తుంది. అయినా ఆ బల్బే దానికి ప్రియమైన వస్తువైపోయింది. మీ లైటర్ చప్పుడు గురించి చదవగానే నాకు ఆ ఎలుకే గుర్తొచ్చింది.

గుర్తుకి ఇలా విలువ పట్టడంలో అమిగ్డాలా ఏం చేస్తుందో నాకు తెలిసి అందరికన్నా శుభ్రంగా చూపించినది 1996లో పీటర్ హాలండ్, మిషెలా గాలహర్ బృందం చేసిన ప్రయోగం. ఎలుకలకి ముందు 'వెలుగు వస్తే తిండి' అని నేర్పారు. తర్వాత, వెలుగు లేకుండా, అదే తిండి పెట్టి వెంటనే కడుపులో వికారం పుట్టే మందు ఇచ్చారు. ఎలుకలు ఆ తిండి మానేశాయి. ఇప్పుడు మళ్లీ వెలుగు చూపిస్తే? మామూలు ఎలుకలు గిన్నె వైపు వెళ్లడం తగ్గించేశాయి. వెలుగుకీ వికారానికీ ఎవరూ ముడిపెట్టలేదు. వెలుగు అంటే ఆ తిండి, ఆ తిండి ఇప్పుడు చెడ్డది అని అవి లోపలే కలుపుకున్నాయి. బేసోలాటరల్ భాగం దెబ్బతిన్న ఎలుకలు మాత్రం తిండిని అసహ్యించుకుంటూనే వెలుగు రాగానే గిన్నె దగ్గరికి వెళ్తూనే ఉన్నాయి.

అంటే 'వెలుగు వస్తే గిన్నె దగ్గరికి వెళ్లు' అని నేర్చుకోవడానికి ఆ భాగం తప్పనిసరి కాదు. ఆ వెలుగు వెనకున్న ఫలితం ఈ పూట నాకు ఎంత విలువైనది అని ఎప్పటికప్పుడు లెక్క సరిచేసుకోవడానికి అది కావాలి. 1997లో మాల్కోవా, గాఫన్, ముర్రే కోతుల్లోనూ ఇదే చూశారు. పాత రోజుల్లో కోసి తీసేసేవాళ్లు, పక్కనుంచి పోయే నరాల పోగులు కూడా తెగిపోయేవి, దేని వల్ల ఏం జరిగిందో తేలేది కాదు. వీళ్లు పోగుల్ని వదిలి కణాల్నే చంపే రసాయనం వాడారు. ఆ కోతులు ఏ వస్తువు కింద తిండి ఉందో బాగానే నేర్చుకున్నాయి. కానీ ఒక రకం తిండితో కడుపు నింపేశాక కూడా ఆ తిండి ఉన్న వస్తువునే ఎంచుకుంటూ పోయాయి. తర్వాత 2005లో వెల్‌మన్, గేల్, మాల్కోవా ఇంకో అడుగు ముందుకేశారు. బేసోలాటరల్ భాగాన్ని మందుతో కాసేపు మాత్రం ఆపారు. కోతి కడుపు నిండుతున్న సమయంలో ఆపితే విలువ మారలేదు. కడుపు నిండాక ఆపితే ఏ లోటూ లేదు. అంటే విలువని మార్చి రాసే క్షణంలో ఆ భాగం మేలుకుని ఉండాలి. ఈ పరిశోధన మొదటిసారి చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు, అంత నచ్చింది.

నాడీకణాల స్థాయిలో చూసినా అంతే. 2006లో పేటన్, సాల్జ్‌మన్ బృందం కోతులకి అర్థం లేని బొమ్మలు చూపించారు. ఒక బొమ్మ తర్వాత నోట్లోకి ద్రవం, ఇంకో బొమ్మ తర్వాత ముఖం మీదికి గాలి. అమిగ్డాలాలో కొన్ని కణాలు మంచి బొమ్మకి, కొన్ని చెడ్డ బొమ్మకి ఎక్కువగా పనిచేశాయి. బొమ్మల అర్థాన్ని తారుమారు చేస్తే ఆ కణాల స్పందన కూడా కోతి కొత్తది నేర్చుకుంటున్న వేగంతోనే మారింది. మంచి కణాలు, చెడు కణాలు పక్కపక్కనే కలిసిపోయి ఉన్నాయి. 'భయం గది' అని వేరే గీత గీసి చూపించడానికి లేదు.

డోపమైన్‌తో సంబంధం కూడా చెప్పి ఆపుతాను. 2011లో గ్యారెట్ స్ట్యూబర్ బృందం ఎలుకల్లో బేసోలాటరల్ భాగం నుంచి, డోపమైన్ వచ్చి చేరే న్యూక్లియస్ అకంబెన్స్ అనే భాగానికి వెళ్లే పోగుల్ని మాత్రం కాంతితో మేల్కొలిపే ఏర్పాటు చేశారు. ఎలుకలు ఆ కాంతి కోసం తమంతట తామే మళ్లీ మళ్లీ ముక్కు పెట్టాయి. షాక్ ప్రయోగాలతో పేరుపడ్డ అమిగ్డాలా నుంచి వచ్చే తీగే అది! అకంబెన్స్‌లో డోపమైన్‌ని అందుకునే డి1 గ్రాహకాల్ని అడ్డుకుంటే ఆ ఉత్సాహం పడిపోయింది. రెండూ ఒకే చోట కలిసి పనిచేస్తాయి. కాబట్టి ఇది అమిగ్డాలాదా, డోపమైన్‌దా అని అడగడం, పాట గొంతుదా, ఊపిరిదా అని అడగడం లాంటిదే.

స్కాన్_గది:

ఎలుకల_గది గారు, చాలా బాగా రాశారు. నేను మనుషుల మెదడు స్కాన్ల మీద పనిచేస్తాను, అటు వైపు నుంచి కొంచెం.

మీరు చెప్పిన 'కడుపు నింపడం' ప్రయోగం మనుషుల్లో కూడా జరిగింది. 2003లో గాట్‌ఫ్రీడ్, ఓడహర్టీ, డోలన్ కొన్ని బొమ్మల్ని రెండు రకాల తినుబండారాల వాసనలతో జతచేసి, తర్వాత వాటిలో ఒక దాన్ని కడుపారా తినిపించారు. ఆ వాసనని గుర్తుచేసే బొమ్మకి అమిగ్డాలాలో, ఆర్బిటోఫ్రంటల్ కార్టెక్స్‌లో (కళ్ల పైన ఉండే మెదడు ముందు భాగం) స్పందన తగ్గింది. రెండో బొమ్మకి తగ్గలేదు. వ్యసనం విషయంలో 1999లో చైల్డ్రెస్ బృందం కొకైన్ వాడిన అలవాటున్న వాళ్లకి దానికి సంబంధించిన వీడియో చూపిస్తే, తపనతో పాటు అమిగ్డాలాలో రక్తప్రసరణ పెరిగింది. అక్కడ మందు లేదు, దాని గుర్తు మాత్రమే ఉంది.

రెండు పక్కలా అమిగ్డాలా దెబ్బతిన్నవాళ్లు చాలా అరుదు. వాళ్ల నుంచి నేర్చుకున్నది ఎక్కువ. 1999లో అయోవాలో బెకారా, డమాసియో బృందం పేకముక్కల ఆటలో చూసింది ఏమిటంటే, వీళ్లకి డబ్బు గెలిచినప్పుడు గానీ, ఓడినప్పుడు గానీ చర్మం మీద ఆ చిన్న చెమట స్పందన రాదు. ఓటమికే కాదు, గెలుపుకి కూడా రాదు అన్నది గమనించండి. 2010లో డి మార్టీనో, కెమెరర్, అడాల్ఫ్స్ ఇలాంటి ఇద్దరికి సగం సగం అవకాశమున్న పందేలు ఇచ్చారు. మనలో చాలామందికి వచ్చే లాభం పోయే నష్టం కంటే బాగా పెద్దదైతే తప్ప పందెం వేయబుద్ధి కాదు. వాళ్లిద్దరికీ ఆ వెనకడుగు లేదు. అలా అని మొత్తాలు తెలియక కాదు, పెద్ద మొత్తం చిన్న మొత్తం తేడా చక్కగా తెలుసు.

భయం వైపు కూడా కథ సాఫీగా లేదు. అమిగ్డాలాలు రెండూ లేని ముగ్గురికి 2013లో కార్బన్ డయాక్సైడ్ 35 శాతం ఉన్న గాలి పీల్పిస్తే ముగ్గురూ భయంతో వణికిపోయారు. వాళ్లలో ఒకరు, పాముల్ని చూసినా జంకని ఎస్.ఎం. అనే ప్రసిద్ధ రోగి. 'అమిగ్డాలా లేకపోతే భయం లేదు' అనే మాటకి ఇదొక్కటి చాలు.

ఒక హెచ్చరిక. స్కాన్‌లో అమిగ్డాలా మీద రంగు మచ్చ కనబడితే అది ఆశా, భయమా అని ఆ మచ్చని చూసి చెప్పలేం. మామూలు స్కాన్‌లో కనబడే ఒక్క చుక్క రెండు మూడు మిల్లీమీటర్ల ఘనం, అందులో లక్షల కణాలు. పైన చెప్పినట్టు మంచి కణాలు, చెడు కణాలు కలిసే ఉన్నాయి. ఆ మచ్చకి 'భయం' అని పేరు రాసి ప్రచురించిన బొమ్మలు చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది, వాటి వల్లే ఈ ప్రశ్న అడిగినవారిలాంటి వాళ్లు తమ అనుభవాన్ని అనుమానించుకోవాల్సి వస్తోంది.

సిగరెట్ విషయంలో ఇంకొక భాగం పేరు కూడా తెలియాలి: ఇన్సులా. 2007లో నక్వీ, బెకారా తదితరులు, పక్షవాతం లాంటి వాటివల్ల ఇన్సులా దెబ్బతిన్న కొందరు సిగరెట్ సులువుగా, తపన కూడా లేకుండా మానేసినట్టు చూపించారు. మీ ఛాతీలోని గుంజుడు లాంటి శరీరపు అనుభూతులకి ఆ భాగమే ముఖ్యం. భారమంతా అమిగ్డాలా మీద వేయకూడదు.

పద్నాలుగో_నెల:

ఇద్దరికీ చేతులెత్తి దండం. ఇది మూడు సార్లు చదివాను. ఒక టెన్షన్ మాత్రం పట్టుకుంది. ఆ 1996 ప్రయోగంలో తిండి అసహ్యమైనా వెలుగుకి గిన్నె దగ్గరికి వెళ్లినవి అమిగ్డాలా దెబ్బతిన్న ఎలుకలే కదా. నాదీ అచ్చం అదే పరిస్థితి. దమ్ము చేదు, అయినా చప్పుడుకి చెయ్యి పోతోంది. 11 ఏళ్ల పొగ వల్ల నా అమిగ్డాలా పాడైపోయిందా?

ఎలుకల_గది:

లేదండీ. ఆ భయం పెట్టుకోకండి. నేను అక్కడ ఆపేయడం నా తప్పు, ఇది అప్పుడే చెప్పాల్సింది.

మెదడు బాగున్న ఎలుక కూడా ఇలా చేస్తుంది. మీట నొక్కితే తిండి అని కొద్దిగా నేర్పి, ఆ తిండిని వికారంతో చెడగొడితే ఎలుక మీట నొక్కడం తగ్గిస్తుంది. అదే చాలా ఎక్కువగా నేర్పిస్తే, తిండి చెడ్డదైనా నొక్కుతూనే ఉంటుంది. 1982లో క్రిస్టఫర్ ఆడమ్స్ చూపించిన విషయం ఇది. అప్పటికి ఆ పని అలవాటుగా మారిపోయి ఉంటుంది. అలవాటు ఫలితం విలువని అడగదు, గుర్తు కనబడితే చెయ్యి కదుపుతుంది. అది నడిచే దారిలో అమిగ్డాలా కన్నా, మెదడు లోపలి స్ట్రయాటమ్ అనే భాగపు పైపక్కే ముఖ్యం.

మీరు రాసిన ఒక వాక్యం నాకు చాలా విలువైనదిగా అనిపించింది: చెయ్యి వెళ్లాక తెలుస్తుంది, ఆ తర్వాత గుంజుడు. నా లెక్క ప్రకారం అవి రెండు వేరు సంగతులు. చెయ్యి పోవడం అలవాటు. 11 ఏళ్లలో ఎన్ని వేల సార్లు ఆ జేబు తడిమి ఉంటారో ఆలోచించండి. గుంజుడు మాత్రం గుర్తుకి పట్టిన విలువ, అమిగ్డాలా పాత్ర అక్కడ. కాబట్టి చెయ్యి కదిలినంత మాత్రాన మీరు ఓడిపోయినట్టు కాదు.

ఇష్టం పోయినా గుంజుడు ఎందుకుంది అనే మీ మొదటి ప్రశ్నకి కూడా జవాబు బాకీ ఉన్నాను. నచ్చడం, కావాలనిపించడం ఒకటి కాదని కెంట్ బెరిడ్జ్ చాలా ఏళ్లుగా చూపిస్తున్నారు. 2014లో రాబిన్సన్, వార్లో, బెరిడ్జ్ ఎలుకలకి రెండు మీటలు ఇచ్చారు. రెండిటికీ అదే చక్కెర గుళిక. ఒక మీట గుళికతో పాటు మాత్రం సెంట్రల్ అమిగ్డాలాని కాంతితో మేల్కొలిపారు. ఎలుకలు ఆ మీటకే అతుక్కుపోయాయి, రెండోదాన్ని దాదాపు వదిలేశాయి, ఆ గుళిక కోసం ఎక్కువ కష్టం కూడా పడ్డాయి. ఒట్టి కాంతి ఇస్తే మాత్రం దానికోసం అలా పాటుపడలేదు. అంటే ఆ భాగం తీపిని పోయదు, ఎదుటనున్న ఒక వస్తువు మీదికి కోరికనంతా పోగుచేస్తుంది. 2020లో అదే బృందం ఇంకా విచిత్రమైనది చూసింది. తాకితే షాక్ కొట్టే ఒక కడ్డీని తాకినప్పుడల్లా సెంట్రల్ అమిగ్డాలాని మేల్కొలిపితే, కొన్ని ఎలుకలు దెబ్బ తింటూనే దాని దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లాయి. ఆ కడ్డీలో నచ్చేది ఏముంది? ఏమీ లేదు. కావాలనిపించడం ఒక్కటే ఉంది. చేదు దమ్ము తర్వాత కూడా మీకు మిగిలింది ఆ రెండోది.

ఇంకొకటి. ఒక్క రాత్రి, ఒక్క చేదు దమ్ము. వేల సార్లు కట్టిన ముడిని ఒక్కసారి చేదు విప్పలేదు.

మానినవాళ్ల_తోడు:

నేను మానేసే ప్రయత్నంలో ఉన్నవాళ్లతో కూర్చునే మనిషిని. శాస్త్రం పైవాళ్లు చెప్పారు. నేను చూసింది చెప్తాను.

గుర్తు చెరిగిపోదు, దాని మీద కొత్త పాఠం పేరుకుంటుంది. పావ్‌లోవ్ కాలం నుంచే తెలిసిన సంగతి: గంట మోగించి తిండి ఇవ్వకుండా ఉంటే కుక్కకి లాలాజలం ఆగిపోతుంది, కొంత విరామం ఇచ్చి మోగిస్తే మళ్లీ వస్తుంది. కాబట్టి 14వ నెలలో గుంజుడు వచ్చిందని మొదటికొచ్చినట్టు కాదు. నా దగ్గరికొచ్చే చాలామంది ఆ ఒక్క పొరపాటు ఆలోచనతోనే మళ్లీ పెట్టె కొంటారు. గుంజుడు రెండు మూడు నిమిషాల్లో పోతోందని మీరే రాశారు. మానిన మొదటి నెలలో ఎంతసేపుండేది? గుర్తుచేసుకుని రాయగలరా?

ఒంటరిగా ఇంకో దమ్ము 'పరీక్ష' మాత్రం పెట్టుకోకండి. మీ కౌన్సెలర్‌తో కలిసి ఏదైనా చేయండి.

పద్నాలుగో_నెల:

మొదటి నెలలో అరగంట దాకా ఉండేది. గదిలో అటూ ఇటూ తిరిగేవాడిని. ఇలా పోల్చుకోవాలని నాకు ఇప్పటిదాకా తోచలేదు.

మీ జవాబులు చదివాక ఈ వారం ఒక సంగతి గమనించాను. మెట్ల దగ్గర కాల్చే ఆయన వాహనాలు నిలిపే చోట అదే లైటర్ తెరిచారు. నేను పక్కనే ఉన్నాను. చప్పుడు స్పష్టంగా వినబడింది, చెయ్యి కదలలేదు. మర్నాడు మెట్ల మలుపులో మళ్లీ కదిలింది. అదే లైటర్, అదే మనిషి. చోటు మారితే అమిగ్డాలాకి తెలుస్తుందా?

ఎలుకల_గది:

తెలుస్తుంది. ఇది ఎక్కడ జరుగుతోంది అనే కబురు, చోట్లని గుర్తుంచుకునే హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగం నుంచి అమిగ్డాలాకి అందుతుంది. ఒక చోట నేర్చుకున్నదాన్ని ఇంకో చోట మాన్పిస్తే, పాత చోటికి రాగానే అది తిరిగి లేవడం మాకు రోజూ ఎదురయ్యేదే.

తోక మీద రెండు గీతల ఎలుకని వేరే పెట్టెలో పెట్టి, గుళికలు ఇవ్వకుండా బల్బు చూపిస్తూ వచ్చాం. రెండు వారాలయ్యేసరికి అటు తల కూడా తిప్పలేదు. ఆ తర్వాత పాత పెట్టెలో పెట్టిన రోజు, బల్బు వెలగ్గానే ముందు కాళ్లు గోడకి ఆనించి లేచి నాకింది. గుళిక రాలేదు. మర్నాడు లేచింది, కానీ నాకలేదు. నాలుగో రోజుకి బల్బు వెలుగుతుంటే మూలన కూర్చుని మీసాలు దువ్వుకుంటోంది.

మీ మెట్ల మలుపు ఆ పాత పెట్టె. వారం తర్వాత ఏం గమనించారో ఇక్కడే రాయండి, నేను చూస్తూ ఉంటాను.